చీకట్లో గీసిన వరుస

మూడువేల ఏళ్ళనాటి గోడ మీద మొట్టమొదట బయటపడ్డ నీడ వెంకటాచలంగారి బొజ్జది.

చెప్పుకుంటే నవ్వొచ్చే సంగతే గాని, ఆ రోజు గుడారంలో ఎవరికీ నవ్వు రాలేదు. యంత్రం తెర మీద మసకమసగ్గా తేలుతున్న ఆకారాన్ని చూసి ఉత్పల మొదట అదేదో పెద్ద కాగు అనుకుంది. కాసేపటికి ఆ కాగుకి మెడ మొలిచింది, చెయ్యి మొలిచింది, చేతిలో కొబ్బరికాయ మొలిచింది. వెనకనుంచి తొంగిచూస్తున్న తవ్వకాల డైరెక్టరు వెంకటాచలంగారు గబుక్కున కండువా పొట్ట మీదికి లాక్కున్నారు.

జరిగింది ఇదీ. గోదావరికి ఇవతల, అడవంచున నల్లగుట్ట అని ఒక చిన్న గుట్ట ఉంది. దాని కడుపులో బండలు నిలబెట్టి కట్టిన సమాధి ఒకటి బయటపడింది. అలాంటివాటిని అక్కడివాళ్ళు రాకాసి గూళ్ళంటారు. చాలావాటిలో కాసిని ఎముకలూ కుండపెంకులూ తప్ప ఏమీ ఉండవు. దీనికి మాత్రం రెండు గదులున్నాయి. ముందొక చిన్నగది, లోపలొక పెద్దగది. మధ్యలో అడ్డంగా నిలబెట్టిన రాతిపలకకి మనిషి దూరేంత గుండ్రటి కంత, ఆ కంతకి బిరడాలా బిగించిన రాయి. గోడలకి ఇసుకా సున్నం కలిపిన పూత, పూత మీద బొమ్మలు. పైన నల్లగుడ్డ గుడారం వేయించి, పిసరంత వెలుతురైనా లోపలికి పోకూడదని ఉత్పల అందరికీ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఆమె అటు లారీలోంచి యంత్రం దింపించుకోవడానికి వెళ్ళిందో లేదో, ఇటు ముహూర్తం దాటిపోతోందని డైరెక్టరుగారు కొబ్బరికాయ పట్టుకుని ముందుగదిలోకి దిగారు. మేస్త్రీ లచ్చయ్య ఆయన వెనకాల నిలబడి పళ్ళెంలో కర్పూరం వెలిగించాడు. హారతివ్వకుండా మన దేశంలో పలుగు పట్టినవాడెవడు?

"లైటు ఎయ్యొద్దన్నవు గానీ హారతి ఇయ్యొద్దని చెప్పలేదు గదమ్మా," అన్నాడు లచ్చయ్య ఏడుపు గొంతుతో. "దేవుడి ఎలుగు గూడ లెక్కకొస్తదని నాకేం ఎరుక?"

ఆ మాట ఉత్పల తనే చెప్పి ఉండాల్సింది.

ఆమె కనిపెట్టిన విషయం నిజానికి చాలా చిన్నది. ఇసుక రేణువుకి ఒక గుణం ఉంది. చీకట్లో ఉన్నంతకాలం చుట్టూ ఉన్న రాతిలోంచీ మట్టిలోంచీ వచ్చే, కంటికి కనబడని శక్తిని బొట్టుబొట్టుగా దాచుకుంటుంది. వెలుతురు తగిలిందంటే దాచుకున్నదంతా వదిలేసి ఖాళీ అయిపోతుంది. ఈ గుణంతో పాతమట్టి వయసు లెక్కకట్టడం ఎప్పటినుంచో ఉన్నదే. ఉత్పల మాత్రం ఇంకో సంగతి అడిగింది. గోడకీ దీపానికీ మధ్య ఒక మనిషి నిలబడి ఉంటే? నీడ పడ్డచోట రేణువులు ఖాళీ కావు కదా. ఆ మనిషి వెళ్ళిపోయి, దీపం ఆరిపోయి, తలుపు మూసేసి వేల ఏళ్ళు ఉంచినా ఆ తేడా అలాగే నిలిచి ఉండాలి కదా. ఏళ్ళ తరబడి దాన్నే పట్టుకు వేలాడి, చివరికి పాడుపడ్డ ఒక గాదెగది పూత మీద మేకుకి వేలాడిన చేట నీడని తెర మీదికి తెచ్చింది. ఆ చేట ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది, నీడ మాత్రం మిగిలే ఉంది. అప్పటినుంచి ఆ యంత్రాన్ని అందరూ నీడపెట్టె అనడం మొదలుపెట్టారు.

దానితో చిక్కల్లా ఒకటే. చదవాలంటే నీడపెట్టె ఆ రేణువుల మీదికి సన్నటి కాంతి పంపాలి, ఆ కాంతికే అవి ఖాళీ అయిపోతాయి. ఒక గోడని ఒక్కసారే చదవగలం. ఆ ఒక్కసారికి ముందు అక్కడ అగ్గిపుల్ల గీసినా అంతే సంగతులు.

అలా ముందుగది నీడలు పోయాయి. వాటి బదులు వెంకటాచలంగారు మిగిలారు. బొమ్మలు మాత్రం ఎక్కడికీ పోలేదు, ఇక అక్కడ లైటు వేసినా వచ్చే నష్టమూ లేదు. దానివల్ల ఒక్క మనిషికి మాత్రం పండగైంది. అతను ఉత్పల భర్త నరహరి.

నరహరి చిత్రకారుడు. కొండగుహల్లో, పాతగుళ్ళలో చెరిగిపోతున్న గోడబొమ్మలకి గీత పొల్లుపోకుండా నకళ్ళు తీయడం అతని బతుకంతా చేసిన పని. ముందుగదిలో చాపేసుకు కూచుని, ఎర్రమన్నుతో గీసిన మూపురాల ఎద్దుల్నీ బొగ్గునలుపు నెమళ్ళనీ దువ్వెన పళ్ళలాంటి అంచుల్నీ కాగితం మీదికి దించుకున్నాడు. ఒక్కో బొమ్మ చూడటానికి తల అటూ ఇటూ తిప్పుకోవాల్సి వచ్చేది. అతని కళ్ళకి నీటికాసుల జబ్బు. చూపు అంచుల్నుంచి ముడుచుకుంటూ వచ్చి, ఇప్పుడు గొట్టంలోంచి చూస్తున్నట్టు నడిమధ్య మాత్రమే మిగిలింది. మందులన్నీ అయిపోయాయి. వానాకాలం దాకా ఉంటుందేమోనని డాక్టరు అన్నాడు.

"ఇది వాకిలి ఉత్పలా," అన్నాడు నరహరి ఆ సాయంత్రం, బ్రష్షు కడుక్కుంటూ. "వాకిట్లోనే ఇంత ముగ్గేసినవాడు నట్టింట్లో ఏం చేసి ఉంటాడో!"

ఆమె యంత్రం తీగలు చుట్టబెడుతోంది.

"ఒక్కసారి లోపల దీపం పెట్టకూడదూ? ఎంతోసేపు వద్దు. కళ్ళారా ఒక్కసారి చూసి వచ్చేస్తాను."

"ఒక్కసారి పెట్టినా మూడు గోడలూ పోతాయండీ. మీకు తెలుసు."

"తెలుసు."

"మూడూ చదవడం అవగానే మొట్టమొదట చూసేది మీరే. వానలకి ముందే పూర్తి చేస్తాను. మాటిస్తున్నాను."

"సరే," అన్నాడతను.

అంత తేలిగ్గా సరే అనడమే ఆమెకి తర్వాత ముల్లులా గుచ్చుకుంటూ ఉండిపోయింది. దెబ్బలాడి ఉంటే బాగుండేది.

దెబ్బలాట కూతురు చిన్మయి చేసింది. వరంగల్లు హాస్టల్లోంచి ఫోను చేసి, "అమ్మా, నీ నీడలు మూడువేల ఏళ్ళు ఆగాయి, ఇంకో వెయ్యేళ్ళైనా ఆగుతాయి. నాన్న కళ్ళు ఆగుతాయా?" అంది.

"దీపం పెట్టాక ఆగడానికి నీడలెక్కడుంటాయే?"

"ఇంకో సమాధి దొరుకుతుంది. నాన్నకి ఇంకో జత కళ్ళు దొరకవు."

బొమ్మలున్న సమాధి ఇంకోటి దొరకలేదనీ దొరకదనీ చెప్పబోయి, సిగ్నలు సరిగ్గా లేదని అబద్ధమాడి ఉత్పల ఫోను పెట్టేసింది.

లోపలిగది పని మొదలైంది. బిరడా రాయిని చీకట్లోనే లోపలికి నెట్టి పక్కకి దొర్లించారు. కంతలోంచి పాక్కుంటూ దూరి, కట్టిన తాడు పట్టుకుని, తడుముకుంటూ నీడపెట్టెని పట్టాల మీద జరపాలి. పొద్దున పదింటికి కూడా లోపల కాటుకలాంటి చీకటే. ఆ తడుములాటలోనే తెలిసింది, గది మధ్యలో శవాన్ని ఉంచే, కాళ్ళున్న మట్టిపెట్టె ఉందనీ, అందులో ఒకరు పడుకుని ఉన్నారనీ. పెట్టె బయట, వెనకగోడ దగ్గర, మోకాళ్ళు ముడుచుకుని కూచున్నట్టు ఇంకొకరి ఎముకలున్నాయి. యజమానితో పాటు చంపి పెట్టిన బానిస అయి ఉంటాడని వెంకటాచలంగారు తేల్చేశారు. ఆ మాట విన్నాక లోపల పనిచేస్తున్నప్పుడల్లా ఉత్పల ఆ ఎముకల వైపు మొహం తిప్పి నిలబడేది కాదు.

ఎడమగోడ చదవడం పూర్తయిన రోజు గుడారం నిండా జనం. తెర మీద ముందు ఒక పొడుగాటి మనిషి నీడ, దాని పక్కన వంగిన ముసలి ఆకారం ఒకటి తేలాయి. ఆ తర్వాత ఒక ఆడమనిషి, ఆమె చంకలో పిల్ల. ఆ పిల్ల చెయ్యి బారచాపి గోడ మీది దేన్నో చూపిస్తోంది. మూడువేల ఏళ్ళ కిందట చచ్చిపోయిన మనిషిని సాగనంపడానికి వచ్చి, బొమ్మ కనిపిస్తే దాన్ని చూడమని అమ్మని లాగిన పిల్ల! లచ్చయ్య చెప్పులు విడిచి దణ్ణం పెట్టాడు. అతన్ని చూసి వెంకటాచలంగారూ పెట్టారు. ఎముకలు చూసినా కుండలు చూసినా ఇంతకాలం ఉత్పలకి వాళ్ళు మనుషులనిపించలేదు. ఈ వేలెత్తిన పిల్లని చూశాక వాళ్ళని తలచుకోకుండా ఉండటం ఆమె వల్ల కాలేదు.

నరహరి తెరకి దగ్గరగా మొహం పెట్టి చాలాసేపు చూశాడు. "వేలు దేనివైపు చూపిస్తోందో కనుక్కోవే," అన్నాడు నవ్వుతూ. "నాకు నిద్ర పట్టదు."

కుడిగోడ మీద మట్టిపెట్టె పొడుగాటి నీడ తప్ప ఏమీ రాలేదు. వెనకగోడ మిగిలింది. అది పెద్దది, నీడపెట్టె దాని మీద చీమ నడిచినట్టు నడుస్తోంది. అప్పటికి ఎండలు మండిపోతున్నాయి. ఒక పొద్దున ఉత్పల గుడారం బయట ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటుంటే నరహరి వచ్చి పక్కన నిలబడ్డాడు. గ్లాసు అందుకోబోయి గాల్లో వెతికాడు.

"ఏంటివాళ మబ్బు పట్టిందా?" అన్నాడు.

ఆకాశంలో మచ్చుకి ఒక్క మబ్బు లేదు. ఆమె గ్లాసు కింద పెట్టి కారు తెమ్మని కేకేసింది.

ఖమ్మం తీసికెళ్ళారు, అక్కణ్ణుంచి హైదరాబాదు తీసికెళ్ళారు. వానాకాలం అన్న డాక్టరే అతని భుజం మీద చెయ్యేసి ఊరుకున్నాడు. తిరిగొచ్చే దారంతా ఉత్పల కారు కిటికీకి తల ఆనించి ఏడుస్తూనే ఉంది. "మీ కళ్ళు నేనే మింగేశాను," అంది. "ఒక్కసారి అన్నారు మీరు. ఒక్కసారంటే ఒక్కసారి! నాకు చేతులు రాలేదు. ఇవాళే వెళ్ళి ఆ పెట్టె ఆపేస్తాను. నాకే నీడా వద్దు."

"నా కళ్ళు ఎటూ పోయాయి," అన్నాడు నరహరి. "వాటి పేరు చెప్పి నీ గోడ కూడా పోగొడతావా? అప్పుడు నేనెందుకాగినట్టు?" కాసేపాగి, "కోపం రాలేదనుకోకు. వచ్చింది. బాగా వచ్చింది. గోడ పూర్తయ్యేలోగా పోతుందిలే," అన్నాడు.

ఆమె మళ్ళీ చీకట్లోకి దిగింది. ఈసారి తాడు పట్టుకోవడానికి అతను కూడా వచ్చేవాడు. అందరికంటే లాఘవంగా కంతలోంచి దూరి, ఆమె తల బండకి కొట్టుకోకుండా చెయ్యి అడ్డం పెట్టేవాడు.

వెనకగోడ నీడపటం తయారైంది. ఆ గోడ మీద ఉన్నది ఒక్కటే నీడ. నేల మీద కూచుని ఉంది, కుడిచెయ్యి పైకెత్తి ఉంది. చేతిలో సన్నటి పుల్లలాంటిది. గోడమీద బయటి వెలుతురు జాడ ఏమాత్రం లేదు. అంటే అందరూ వెళ్ళిపోయి కంత మూసేశాక కూడా లోపల దీపం వెలుగుతూనే ఉంది, ఆ దీపం ముందు ఈ మనిషి కూచుని ఉన్నాడు. బిరడా రాయి లోపలివైపునుంచి బిగించి ఉండటం అప్పుడు గుర్తొచ్చింది వెంకటాచలంగారికి. అంటే కంత మూసుకున్నది వెనకగోడ దగ్గర ఎముకలై మిగిలిన ఆ మనిషే. బానిస అన్న మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు.

మిగతా గోడల మీద తెలియలేదు గాని, దీపం ఎక్కువసేపు వెలిగిన ఈ గోడ పటంలో నీడతో పాటు బొమ్మలు కూడా లీలగా తెలుస్తున్నాయి. రంగు పూసినచోట దీపం వెలుతురు కింది పూతకి తగలదు గనక, గీత ఉన్నంత మేరా సన్నటి నలుపు మిగిలింది. చెయ్యీచెయ్యీ పట్టుకుని వరసగా నిలబడ్డ మనుషులు. ఆ వరుస గోడకి నడిమధ్య దాకా వచ్చి ఆగిపోయింది. అక్కణ్ణుంచి కుడివైపంతా ఖాళీ. నూనె అయిపోయి ఉంటుంది, దీపం కొండెక్కి ఉంటుంది, బొమ్మ అక్కడితో ఆగిపోయి ఉంటుందని అందరూ అనుకున్నారు.

ఇక లోపల దీపం పెట్టొచ్చు. ముందు మీరిద్దరే వెళ్ళండమ్మా అని వెంకటాచలంగారు ముందుగదిలో ఆగిపోయారు.

ఉత్పల కంతలోంచి దూరి, భర్తని దూరనిచ్చి, చేతిదీపం స్విచ్చి మీద వేలు పెట్టి ఆగింది. మాట ఇచ్చిన రోజు ఇదే. మొట్టమొదట చూడాల్సిన మనిషి పక్కనే ఉన్నాడు, కళ్ళు తెరుచుకునే ఉన్నాడు.

"వెయ్యి," అన్నాడు నరహరి.

వేసింది. ఒక్కసారిగా ఎరుపు మీదపడ్డట్టయి ఆమె వెనక్కి తూలింది. "ఏమండీ..." అని మాత్రం అనగలిగింది. గది పైకప్పు దాకా, చుట్టూ, సందు లేకుండా బొమ్మలే. ఎద్దులు, లేళ్ళు, నీళ్ళలాంటి వంకీలు, గింజలు పోసినట్టు తెల్లచుక్కలు. ఎడమగోడ మీద ఆ చంటిది వేలు చూపించిన చోట పిల్లల్ని వెంటేసుకుని నడుస్తున్న అడవిపంది. అది చెప్పగానే నరహరి పకపకా నవ్వాడు. "మరి పిల్ల చూపించదూ!" అన్నాడు. ఏడుపాపుకుంటూ, తడబడుతూ ఆమె ఒక్కో బొమ్మా చెబుతుంటే అతను తల ఊపుతూ, ఎరుపు ఎలాంటి ఎరుపు, అంచు గట్టిదా పలచనా అని అడుగుతూ వెళ్ళాడు.

వెనకగోడ దగ్గరికొచ్చి ఆమె ఆగిపోయింది. చేతిలో ఉన్న నీడపటం చూసింది, గోడ చూసింది. మళ్ళీ పటం చూసింది.

"ఏమైంది?"

"పటంలో వరుస సగంలో ఆగిపోయిందండీ. ఇక్కడ ఆగలేదు. ఆ మూలదాకా ఉంది. మనుషులున్నారు, చేతులు పట్టుకునే ఉన్నారు. నీడపెట్టె వీళ్ళని చూడనే లేదు. పెట్టె తప్పు చెప్పిందా?"

నరహరి చాలా మెల్లిగా, "రంగు కింద నలుపు ఎప్పుడు మిగులుతుందన్నావు?" అని అడిగాడు.

"దీపం ఆరకముందు గీస్తే."

"మరింకేం. ఇవి దీపం ఆరాక గీసినవి."

ఉత్పల దీపం పట్టుకున్న చెయ్యి దించేసింది. మూడువేల ఏళ్ళుగా ఈ బొమ్మల్ని చూసినవాళ్ళు లేరు. సాగనంపడానికి వచ్చినవాళ్ళు చూడలేదు, వాళ్ళప్పటికే వెళ్ళిపోయారు. గీసిన మనిషి కూడా చూడలేదు. వీటి మీద పడ్డ మొదటి వెలుతురు తన చేతిదీపానిదే. అది తలుచుకుంటూ ఆమె నేల మీద కూచుంది, ఆ చప్పుడు విని నరహరీ పక్కన కూచున్నాడు. ఆ ముడుచుకున్న ఎముకలు పక్కనే ఉన్నాయి, ఈసారి ఆమె మొహం తిప్పుకోలేదు.

"చీకట్లో ఇంత తిన్నగా ఎలా గీస్తారండీ? చెయ్యి వదలకుండా ఒకరినొకరు పట్టుకునే ఉన్నారు. ఒక్కరూ తప్పిపోలేదు."

"చేతులు కలిసినచోట చూడు. వేలిముద్ర ఉంటుంది."

ఆమె దీపం దగ్గరగా పట్టింది. ఉంది. ఎర్రటి చేతికీ ఎర్రటి చేతికీ మధ్య బొటనవేలి ముద్ర, గీతలతో సహా. తర్వాతి జంట చేతుల మధ్య ఇంకొకటి. వెలుతురులో గీసిన సగంలో ఒక్క ముద్ర కూడా లేదు. చీకట్లో గీసిన ప్రతి చేతి దగ్గరా ఉంది.

"మీకెలా తెలుసు?"

"ఎడమ బొటనవేలు అక్కడ ఆనించుకోకపోతే తర్వాతి మనిషిని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదే. తడిరంగు వేలికి తగులుతుంది, అక్కడినుంచి కుడిచేత్తో ఇంకొకణ్ణి గీసుకోవచ్చు. వేలు ఎత్తితే మాత్రం గోడంతా తప్పిపోతుంది." నరహరి సిగ్గుపడుతున్నట్టు నవ్వాడు. "హైదరాబాదునుంచి వచ్చిన దగ్గర్నుంచీ నేనూ అదే చేస్తున్నాను. నీకు చెప్పలేదు. నా మంచం కింద కాగితాలున్నాయి. చూసి నవ్వకు, నా మనుషులు ఇంత బాగా రాలేదు."

ఉత్పల నవ్వలేదు. ఏడవనూ లేదు. తన పక్కన కూచున్న మనిషి ఇన్నాళ్ళూ, తను నీడల వెనకాల తిరుగుతుంటే, ఒక్కడూ ఏం చేస్తున్నాడో అప్పుడు తెలిసింది ఆమెకి. ఎంత ఒంటరిగా ఉన్నాడో తెలిసింది.

"ఆఖరి మనిషి ఎలా ఉన్నాడు?" అన్నాడు నరహరి.

"మూలకి దగ్గరగా ఉన్నాడు. కొంచెం కిందికి జారాడు, గీతలో రంగు తక్కువైంది. ఒక చెయ్యి ఇటువాళ్ళకిచ్చాడు. రెండోది చాపి ఉంచాడు."

"దాని దగ్గర ముద్ర ఉందా?"

"ఉంది."

"అంటే ఇంకొకణ్ణి గీద్దామనే వేలు పెట్టాడు. ఆ పక్కన ఏముంది?"

"గోడ. ఖాళీగోడ."

నరహరి తెలియకుండానే చెయ్యి అటు చాపాడు. ముట్టుకుంటే రంగు రాలిపోతుంది. వేళ్ళు గోడకి తగలకముందే ఉత్పల ఆ చెయ్యి పట్టుకుంది. బయటనుంచి వెంకటాచలంగారు, "అమ్మా, ఎలా ఉంది? ఏమైనా కనిపించిందా?" అని రెండుసార్లు అడిగారు. ఆమె దీపం ఆర్పేసి, ఆ చెయ్యి అలాగే పట్టుకుని కూచుంది.